రీఫ్ ట్యాంకు కింద సంప్: పంపు ఆగినప్పుడు నీళ్లు ఎక్కడ నిలుస్తాయో ముందు లెక్కేయండి

సంప్ అంటే పగడాల (రీఫ్) ట్యాంకు కింద పెట్టే గాజు తొట్టి. పై ట్యాంకు నీళ్లు పొంగి అందులోకి దిగుతాయి, రిటర్న్ పంపు వాటిని మళ్లీ పైకి పంపుతుంది. దానికి గాజు కోయించే ముందు తేల్చుకోవాల్సింది ఒకటే. కరెంటు పోయి రిటర్న్ పంపు ఆగితే పై ట్యాంకులోంచి ఎన్ని లీటర్లు కిందికి దిగుతాయి? ఆ నీళ్లన్నీ సంప్‌లో పట్టాలి. ఏ స్కిమ్మర్ (బుడగలతో మురికిని నురగగా తీసేసే పరికరం) కొనాలి, నాచు ఎక్కడ పెంచాలి అన్నవన్నీ ఆ తర్వాతే.

120 సెం.మీ. పొడవు, 50 సెం.మీ. వెడల్పు ఉన్న ట్యాంకును తీసుకుందాం. నీటిమట్టం ఒక్క సెంటీమీటరు తగ్గితే 6 లీటర్లు కిందికి వచ్చినట్టు. పంపు ఆగగానే నీళ్లు ఓవర్‌ఫ్లో (నీళ్లు కిందికి దిగే పెట్టె) అంచు పళ్ల అడుగు దాకా దిగి ఆగాలి. కానీ రిటర్న్ నాజిల్ (పంపు నీళ్లు ట్యాంకులోకి వచ్చే గొట్టం కొన) మూతి అంతకన్నా కింద ఉంటే ఆ పైపే సైఫన్‌గా మారి, మూతి గాలికి తేలేదాకా నీళ్లను వెనక్కి లాగుతుంది. మూతి రెండున్నర సెం.మీ. లోతున ఉంటే దిగేది 15 లీటర్లు. అలలు బాగా వస్తాయని 15 సెం.మీ. లోతున పెడితే 90 లీటర్లు! అందుకే నాజిల్‌ని నీటి పైపొరకు దగ్గరగానే ఉంచండి, లోతులో ప్రవాహం కావాలంటే ట్యాంకులోపలే నీటిని కదిలించే వేవ్‌మేకర్‌ని విడిగా పెట్టుకోండి. ఆ 15 లీటర్లకు ఓవర్‌ఫ్లో పెట్టెలోంచి దిగే నాలుగైదు, పైపుల్లోని లీటరున్నర, స్కిమ్మర్‌లోంచి జారే ఒకటి రెండు కలిపి, కాస్త ఎక్కువగా 25 లీటర్లు అనుకోండి.

90 × 40 × 40 సెం.మీ. సంప్‌లో ఒక సెంటీమీటరు ఎత్తుకు దాదాపు మూడున్నర లీటర్లు పడతాయి. 25 లీటర్లు వచ్చిపడితే మట్టం 7 సెం.మీ. పైచిలుకు పెరుగుతుంది. నడిచేటప్పుడు 23 దగ్గరున్న నీరు 30 దాటుతుంది, అయినా అంచుకి ఎడం మిగులుతుంది. రిటర్న్ లైనులో చెక్ వాల్వ్ (నీళ్లను వెనక్కి రానివ్వని వాల్వ్) ఉంది కదా అని ఈ లెక్క వదిలేయకండి. కొన్ని నెలలకు దాని నాలుక కింద కాల్షియం పేరుకుని, చిన్న నత్త ఇరుక్కుని, సరిగ్గా మూసుకోదు. సైఫన్ తెగడానికి పైపుకి పెట్టే చిన్న రంధ్రం కూడా కోరలైన్ నాచుతో పూడిపోతుంది. ఆ రెండూ ఉంటే మంచిదే, కానీ వాటి భరోసాతో సంప్ సైజు తగ్గించకూడదు.

ఈ సంప్‌కి మూడు గదులు చాలు. నీళ్లు వచ్చిపడే మొదటి గది 15 సెం.మీ., స్కిమ్మర్ గది 35, మధ్యలో బుడగలు ఆపే అడ్డుగోడలు 8, రిటర్న్ గది 30. మొదటి గదిలో 200 మైక్రాన్ల ఫిల్టర్ సాక్ (మురికిని పట్టే సంచి). హీటరు స్కిమ్మర్ గదిలో ఉండాలి, ఎందుకంటే అక్కడి మట్టం మారదు. రిటర్న్ గదిలో పెడితే నీరు తగ్గినప్పుడు వేడిగా ఉన్న గాజు గాలికి తేలి పగులుతుంది. ఇంత చిన్న సంప్‌లో కీటోమార్ఫా (నీటిలోని నైట్రేటును పీల్చే నాచు) కోసం నాలుగో గదిని ఇరికించడం కన్నా స్కిమ్మర్‌కి చోటివ్వడమే మేలు. నాచు పెంచాలన్న కోరిక గట్టిగా ఉంటే 120 సెం.మీ. సంప్ కట్టించండి.

స్కిమ్మర్ గది మట్టాన్ని నిర్ణయించేది బుడగలు ఆపే మూడు అడ్డుగాజుల్లో మొదటిదాని ఎత్తు. మీ స్కిమ్మర్ మాన్యువల్‌లో ఎంత లోతు నీళ్లు అడిగారో చూసి ఆ ఎత్తే పెట్టండి. అది 23 సెం.మీ. అనుకుంటే మూడో గాజు 21 ఉండాలి. మధ్య గాజుని అడుగు నుంచి 3 సెం.మీ. ఎత్తి, పై అంచు 28 దాకా వచ్చేలా అతికించాలి. నీళ్లు మొదటిదాని మీదుగా పడి, రెండోదాని కిందుగా దూరి, మూడోదాని మీదుగా రిటర్న్‌లోకి వెళ్తాయి. గాజుకీ గాజుకీ మధ్య సందు కూడా 3 సెం.మీ. ఉండాలి. గంటకు 1500 లీటర్ల ప్రవాహంలో 3 సెం.మీ. సందులో నీటి వేగం సెకనుకు మూడున్నర సెం.మీ. ఉంటుంది, బుడగకి పైకి తేలే సమయం చిక్కుతుంది. చోటు కలిసొస్తుందని సందును 1 సెం.మీ.కి కుదిస్తే వేగం 10 దాటి, బుడగలు నీటితోపాటే కిందికి లాక్కుపోబడి పై ట్యాంకులో మంచులా కనిపిస్తాయి.

గోడలకి 6 మి.మీ. గాజు చాలు, అడ్డుగోడలకి కూడా అదే. బూజు నిరోధక మందు కలిపిన బాత్రూమ్ సిలికాన్ వాడకండి, అక్వేరియం సిలికానే వాడండి. అడ్డుగోడలకి అక్రిలిక్ వద్దు. సిలికాన్ దానికి గట్టిగా పట్టదు, పైగా నీరు పీల్చి ఉబ్బి పక్కగోడలను నెడుతుంది. అతికించాక ఒక వారం ఆరనివ్వండి.

పైనుంచి దిగే డ్రైనుకి రెండు పైపుల పద్ధతి నమ్మకమైనది. ఒకటి పూర్తి సైఫన్, గేటు వాల్వ్‌తో. రెండోది దానికన్నా రెండు మూడు సెం.మీ. ఎత్తున మూతి ఉన్న అత్యవసర పైపు, దానికి వాల్వ్ ఉండకూడదు. బాల్ వాల్వ్‌తో సన్నటి సర్దుబాటు కుదరదు, వెంట్రుకవాసి తిప్పినా మట్టం ఎగిరిపడుతుంది. సైఫన్ పైపు కింది కొన సంప్ నీటిలో 2 సెం.మీ. మాత్రమే మునగాలి. లోతుగా దించితే కరెంటు వచ్చాక పైపులోని గాలి బయటికి పోలేక సైఫన్ మొదలవదు, నీళ్లన్నీ గరగరమంటూ అత్యవసర పైపులోంచి దిగుతాయి. మలుపుల దగ్గర ఒక 90 డిగ్రీల ఎల్బో బదులు రెండు 45లు వేయండి. బల్క్‌హెడ్‌కి (గాజు రంధ్రంలో పైపును బిగించే జాయింటు) రబ్బరు వాషర్ తడి వైపు, అంటే అంచు ఉన్న వైపు రావాలి. నట్టు చేత్తో బిగించి, ఇంకో పావు తిప్పు చాలు. అంతకన్నా బిగిస్తే గాజు చిట్లుతుంది. గాజుకి రంధ్రం పెట్టించేముందు అది టెంపర్డ్ కాదని రూఢి చేసుకోండి, టెంపర్డ్ గాజు డ్రిల్ తగలగానే ముక్కలవుతుంది.

300 లీటర్ల ట్యాంకుకి గంటకు ఐదు రెట్లు, అంటే 1500 లీటర్లు పైకి చేరితే సరిపోతుంది. పంపు డబ్బా మీద రాసిన అంకె సున్నా ఎత్తుకి. ఒకటిన్నర మీటరు పైకి ఎక్కించాక ఎంత మిగులుతుందో పంపుతో ఇచ్చిన గ్రాఫ్‌లో చూసి కొనండి.

ఆవిరైన నీటి లోటు కనిపించేది రిటర్న్ గదిలోనే. రోజుకు 4 లీటర్లు ఆవిరైతే అక్కడ మూడున్నర సెం.మీ. తగ్గుతుంది. ఉప్పు ఆవిరవదు కాబట్టి ఆటో టాప్ ఆఫ్‌తో (మట్టం తగ్గితే తానే నీళ్లు నింపే పరికరం) పోసేది ఆర్‌ఓ డీఐ నీళ్లే (బాగా శుద్ధి చేసిన మంచినీళ్లు), ఉప్పునీళ్లు కాదు. డ్రైనులు రెండూ పూడితే ఏమవుతుందో కూడా లెక్కేయండి. రిటర్న్ గదిలో పంపు లాగగల 17 లీటర్లు పైకి చేరితే ట్యాంకు మట్టం 3 సెం.మీ. పెరుగుతుంది. అప్పుడు గది ఖాళీ అయిందనుకుని టాప్ ఆఫ్ ఇంకా పోస్తూనే ఉంటుంది. అందుకే ట్యాంకు అంచుకి కనీసం 4 సెం.మీ. ఖాళీ ఉంచి, టాప్ ఆఫ్ డబ్బాని చిన్నదిగా పెట్టి, పంపు ఎక్కువసేపు నడిస్తే దానంతట అదే ఆగిపోయే రకం కొనండి.

ఉప్పు కలపకముందే మంచినీళ్లతో 24 గంటలు నడిపి అతుకులు తడిమి చూడండి. తర్వాత ప్లగ్గు పీకండి. దిగాల్సిన నీళ్లన్నీ దిగాక సంప్ గోడమీద మార్కరుతో గీత గీయండి. ఆ గీత అంచుకి 5 సెం.మీ. లోపు ఉంటే నడిచే మట్టాన్ని తగ్గించాలి. మళ్లీ పంపు వేసి, సైఫన్ మూతిని చేత్తో మూసి, అత్యవసర పైపు ఒక్కటే మొత్తం ప్రవాహాన్ని దించగలదో లేదో చూడండి. దించలేకపోతే పంపు వేగం తగ్గించాల్సిందే. ప్లగ్గులు నీటిమట్టానికి పైన బిగించి, ప్రతి వైరూ ప్లగ్గు కన్నా కిందికి వేలాడి తిరిగి పైకి వెళ్లేలా ఒక వంపు ఇవ్వండి, లైనుకి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉండాలి.

కరెంటు తిరిగి వచ్చిన మొదటి నిమిషాల్లో సంప్ మట్టం ఎత్తుగా ఉంటుంది కాబట్టి స్కిమ్మర్ కప్పు పొంగి మురికంతా మళ్లీ నీటిలోకి పోస్తుంది. స్కిమ్మర్‌ని ఐదు పది నిమిషాలు ఆలస్యంగా మొదలయ్యే టైమరుకి కలపండి. సాక్‌ని మూడు నాలుగు రోజులకోసారి మార్చాలి, లేదంటే అందులో ఇరుక్కున్న తిండి కుళ్లి నైట్రేటు పెరుగుతుంది. సైఫన్ తెగడానికి రిటర్న్ పైపుకి పెట్టిన చిన్న రంధ్రాన్ని పుల్లతో పొడవడం, ప్లగ్గు పీకి మట్టం ఆ గీత దగ్గరే ఆగుతోందో లేదో చూడటం నెలకోసారి చేసే పని.