పెంకుటింటి మరమ్మతు చూరు దగ్గరే మొదలవ్వాలి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు మన తెలుగువాళ్ల వీధుల్లో పెంకుటిళ్లు ఇంకా చాలానే ఉన్నాయి. ఇల్లు కురవడం మొదలవగానే చాలామంది నడిమి పెంకుల్నే అనుమానిస్తారు గాని, నేను చూసినంతలో జబ్బు ఎక్కువగా అంచుల్లోనే ఉంటుంది: చూరు వరుసలో, కొప్పులో (రెండు వాలులూ పైన కలిసే చోట), పక్క గోడల మీద పెంకు ఆగిపోయే చోట. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా మీద పడినప్పుడు, మా వీధిలో గాలి మొదట లేపింది చూరు పెంకునే. ఆ వరుస లేచాక దాని పైవరుసకు పట్టు మిగలలేదు.

కాలబైశాఖి గాలివానలు మొదలవకముందే, అంటే ఫాల్గుణంలో ఈ పని పెట్టుకోవడం మంచిది. లోపల చుక్క పడిన చోటికి సూటిగా పైన కన్నం ఉంటుందనుకోకూడదు. నీరు వాసం వెంబడి జారి ఎక్కడో కింద చుక్కగా పడుతుంది కాబట్టి, వాసం మీది చెమ్మ చారను పట్టుకుని కొప్పు వైపు వెతకాలి. పట్టపగలు దీపాలార్పి అటక మీదికి ఎక్కి చూస్తే, పెంకు జారిన చోట వెలుతురు సూదిలా కనిపిస్తుంది.

తడిసిన పెంకు మీద, పాచి పట్టిన పెంకు మీద ఎప్పుడూ కాలు పెట్టకండి. ఎండిన కప్పు మీద కూడా రెండు మూడు వాసాల మీదికి వచ్చేలా పలక వేసుకుని, దాని మీదే కూర్చుని పని చేయాలి. కింద నిచ్చెన పట్టుకునేందుకు ఒక మనిషి తప్పనిసరి. పెంకుల సందుల్లో తేళ్లు ఉంటాయి గనుక, ముందు కర్రతో కదిపి తర్వాతే చేయి పెట్టాలి.

పగిలిన పెంకును మార్చడం పెద్ద పని కాదు. బెంగళూరు పెంకు (ఒకదానిలో ఒకటి ఇమిడే బల్లపరుపు పెంకు) అయితే పైవరుస పెంకును, దాని మీదికి వచ్చిన పక్క పెంకును చెక్కముక్కతో కొద్దిగా ఎత్తి, పగిలినదాన్ని కాస్త పైకి జరిపితే వెనక పన్నులా పొడుచుకొచ్చిన కొక్కెం రీపరు (వాసాల మీద అడ్డంగా కొట్టిన సన్నని చెక్కపట్టీ) నుంచి విడిపోతుంది. అప్పుడు కిందికి లాగాలి. గూన పెంకులో (సగం గొట్టంలా వంగిన పెంకు) బోర్ల పెంకులు తీసి వెల్లకిల పెంకును మార్చి, సన్నని కొస కిందికి ఉండేలా పేర్చాలి. బోర్ల పెంకుకు సన్నని కొస పైకి ఉండాలి. కొత్త పెంకును వేలి గణుపుతో కొట్టి చూడండి: గంటలా ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే లోపల చీలిక ఉన్నట్టే.

ఇక చూరు. ఒక ఏడాది మా ఇంటి చూరు కురుస్తోందని, ఒక తాపీపనివాడి చేత పెంకుల కింది సందులన్నీ సిమెంటుతో పూడిపించాను. వాన నీరు బయటికి పోయే దారి లేక లోపలే నిలిచింది. రెండు వానాకాలాలు తిరిగేసరికి వాసాల కొసలు వేలితో నొక్కితే దిగబడేంతగా పుచ్చిపోయాయి. అందుకే చెబుతున్నాను, చూరు సందులు పూడ్చకండి. ఎలుకలు, పిచ్చుకలు దూరతాయనిపిస్తే జల్లెడ కన్నంత వల కొట్టండి. చూరు వరుసకు కింద ఇంకో పెంకు ఆసరా ఉండదు గనుక అది ముందుకు వాలుతుంది. దాని కిందికి వచ్చే రీపరు మిగతావాటికంటే ఒక పెంకు మందం ఎత్తుగా ఉండాలి. పెంకు అంచు చూరుపలకను దాటి రెండు మూడు అంగుళాలు బయటికి రావాలి, లేకపోతే నీరు పలక మీదుగా గోడ మీదికి జారుతుంది.

పెంకు విప్పినప్పుడే వాసం కొసలను స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. పుచ్చిన మేర కోసేసి, గట్టి కర్రను పక్కన జతచేసి మరలు బిగించాలి. చెదకు జీడితొక్క నూనె పూయడం మన ప్రాంతంలో పాత అలవాటే, పలాస వైపు సులువుగా దొరుకుతుంది కూడా. అయితే అది చర్మాన్ని కాల్చేస్తుంది, చేతితొడుగులు లేకుండా ముట్టుకోవద్దు.

చూరు వరుసను, పక్క అంచు వరుసలను తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన జి.ఐ. తీగతో రీపరుకు కట్టండి; చాలా బెంగళూరు పెంకులకు అడుగున ఇందుకోసమే చిన్న కన్నం ఉంటుంది. కొప్పు పెంకులకు మాత్రం ఒక వంతు సిమెంటు, ఒక వంతు సున్నం, ఆరు వంతుల ఇసుక కలిపిన అడుసు వాడాలి. పెంకును ముందుగా నీళ్లలో తడిపి, అడుసును రెండు అంచుల కింద మాత్రమే పరచి, వారం రోజులు తడుపుతూ ఉండాలి.

అడుసు ఆరాక బిందెతో నీళ్లు పోసి చూడండి. కొప్పు మీద ఒకేసారి కుమ్మరిస్తే ఏ వరుస కారుతోందో తెలియదు. ముందు చూరు వరుస మీద, తర్వాత ఒక్కొక్క వరుస పైకి జరుపుతూ పోయాలి, లోపల ఇంకొకరు టార్చిలైటుతో వాసాలను చూస్తూ ఉండాలి. ఏ వరుస మీద పోసినప్పుడు చెమ్మ కనిపించిందో, ఆ వరుసనే మళ్లీ విప్పాలి.