మారుతీ 800 ఇంజను: పెరటి షెడ్డులో దించిన పద్ధతి

మెకానిక్కులందరూ "ఇంజను దించడం" అంటారు. నా మారుతీ 800 దగ్గర ఆ మాట తిరగబడింది. గేర్‌బాక్సుతో సహా ఇంజనును బానెట్టు లోంచి పైకి ఎత్తాను. విజయనగరంలో మా పెరటి షెడ్డులోనే ఎత్తాను. జూట్ మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. ఇనుముతో చనువుంది కానీ కారు మెకానిక్కును కాను.

బండి 1998 నాటిది. కార్బురేటర్ మోడలు, 796 సీసీ, మూడు సిలిండర్లు. పొద్దున్నే స్టార్టు చేస్తే జామచెట్టు కనబడనంత నీలం పొగ. నీలం పొగ రాగానే ఇంజను మీద పడకండి. వాల్వు సీళ్లు పోయినా అదే పొగ వస్తుంది, వాటికి ఇంజను ఎత్తనక్కర్లేదు. ముందు గేజి పెట్టి కంప్రెషన్, అంటే సిలిండరులో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో, చూడండి. తర్వాత ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రెండోసారి గేజి ముల్లు బాగా పైకి వెళితే పిస్టను రింగులో, బోరో (సిలిండరు లోపలి గోడ) అరిగినట్టు. నాకు మూడు సిలిండర్లలోనూ వెళ్లింది. ఇక బోరింగు, అంటే ఆ గోడను లేతు మీద కోయించి సరిచేయడం, తప్పదు. లేతు మన ఇంటికి రాదు కాబట్టి ఇంజనే అక్కడికి పోవాలి.

పానాలు వెతుక్కునే ముందు తలెత్తి దూలం చూడండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను మా పాత రేకుల షెడ్డును పక్క వీధిలో పడేసింది. తిరిగి కట్టేటప్పుడు పాత ఇనుప సామాన్ల కొట్లో ఆరంగుళాల ఐ గర్డరు కొని, రెండు చివరలూ కాంక్రీటు దిమ్మెల మీద కూర్చోబెట్టాను. "షెడ్డుకు ఇంత ఇనుమెందుకండీ, రైలు పెట్టె వేలాడదీస్తారా?" అంది మా ఆవిడ. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. మీ షెడ్డుకు ఉన్నవి కర్ర వాసాలూ, సన్న పైపులూ అయితే ఈ పని అక్కడ చేయకండి. చక్రాల ఇంజను హాయిస్టు అద్దెకు తెచ్చుకోండి.

ఇంజను, గేర్‌బాక్సు కలిపి వంద కిలోలకు కాస్త అటూ ఇటూ ఉంటాయి. అయినా నేను ఒక టన్ను మోసే చైన్ బ్లాకు (గొలుసు లాగి బరువెత్తే సాధనం) తెచ్చాను. తాడూ కప్పీ వద్దు. తాడు వదిలితే బరువు పడుతుంది. చైన్ బ్లాకులో లోపల బ్రేకు ఉంటుంది, గొలుసు వదిలేసినా బరువు ఉన్నచోటే నిలుస్తుంది. మధ్యలో ఆగి తొంగి చూసుకోవాల్సిన పని ఇది కాబట్టి ఆ బ్రేకే మనకు దిక్కు. దాన్నీ నమ్మేయలేదు. నాలుగు సిమెంటు బస్తాలు, అంటే 200 కిలోలు, నేలకు జానెడు ఎత్తున రాత్రంతా వేలాడదీశాను. పొద్దున కొలిస్తే ఆ జానెడు అలాగే ఉంది.

బ్యాటరీ తీయండి, నెగటివ్ వైరు ముందు. పెట్రోలు పైపులు విప్పి మూతులకు బిరడాలు కొట్టండి. ఆ పూట షెడ్డు చుట్టుపక్కల పొయ్యి, బీడీ, వెల్డింగు ఏవీ ఉండకూడదు. మా షెడ్డు వంటింటికి ఆనుకునే ఉంటుంది, అందుకని ఆ రోజు ఇంట్లో అందరం హోటలు ఇడ్లీతో సరిపెట్టుకున్నాం. ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్, రేడియేటర్ నీళ్లు వేరువేరు డబ్బాల్లోకి దించండి. రేడియేటర్ నీళ్లలో ఉండే కూలెంటు తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, నాకితే చస్తాయి. పట్టిన వెంటనే మూత పెట్టండి. బానెట్టు విప్పే ముందు కబ్జాల చుట్టూ పెన్సిలు గీత గీసుకుంటే మళ్లీ బిగించేటప్పుడు సందులు సరిచూసుకునే బాధ ఉండదు. రేడియేటరు, ఎయిర్ ఫిల్టరు డబ్బా ఊడదీయడం అరగంట పని. ఏసీ ఉంటే గ్యాసు పైపులు విప్పకుండా కంప్రెసరును మాత్రం ఊడదీసి పక్కకు కట్టేయండి.

ఇక వైర్లు. ఫోనులో ఫొటోలు తీసుకోండి కానీ వాటినే నమ్ముకోవద్దు. నల్ల వైరు పక్కన నల్ల వైరు ఫొటోలో ఒకటే మసి. మా మనవరాలు రెండో తరగతి. దాని చేత తెల్ల ప్లాస్టరు ముక్కల మీద అక్షరమాల రాయించాను, ఒక్కో అక్షరం రెండేసి ముక్కలు. విప్పిన వైరుకు "అ", అది ఊడివచ్చిన చోట ఇంకో "అ". ఆల్టర్నేటరు, స్టార్టరు, ఆయిల్ ప్రెషర్ స్విచ్చి, టెంపరేచర్ సెన్సరు, డిస్ట్రిబ్యూటరు, రివర్సు లైటు స్విచ్చి, హీటరు గొట్టాలు, వ్యాక్యూమ్ గొట్టాలు, చోకు కేబులు, యాక్సిలరేటర్ కేబులు, క్లచ్చి కేబులు, స్పీడోమీటరు కేబులు... అచ్చులు అయిపోయి హల్లుల్లోకి వెళ్లాం. "ఋ"ను అది కొమ్ము తిప్పి రాసింది. పరవాలేదు, రెండు చోట్లా ఒకేలా తిప్పింది. బోల్టులకు ఖాళీ ఆవకాయ సీసాలు తీసుకున్నాను. వాటి మీదా అవే అక్షరాలు.

తర్వాత బండి కిందికి దూరాలి. జాకీ ఎత్తడానికే, ఆపడానికి కాదు. ముందు రెండు వైపులా స్టాండ్లు పెట్టండి, వెనక చక్రాలకు అడ్డు పెట్టండి. ఇటుకలు పేర్చవద్దు, ఇటుక చెప్పకుండా పగులుతుంది. సైలెన్సరు పైపును మానిఫోల్డుకు పట్టి ఉంచే నట్లు తుప్పుతో ఒక్కటైపోయి ఉంటాయి. పెట్రోలు పైపులు విప్పక ముందు, ముందురోజు రాత్రే, కిరసనాయిలూ ఇంజన్ ఆయిలూ కలిపి వాటికి పట్టించాను. పొద్దున బిగించే వైపు ఒక్క పిసరు తిప్పి, తర్వాత విప్పే వైపు లాగాను. వచ్చేశాయి. మిల్లులో మా మేస్త్రి నేర్పిన విద్య ఇది. గేరు రాడ్లు విప్పండి. చక్రాలు తీసి, కింది ఆర్మ్ బాల్ జాయింట్లు విడదీసి, హబ్బును బయటికి లాగి పట్టుకుంటూ, చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్టుల లోపలి చివరలను గేర్‌బాక్సు లోంచి టైరు లివరుతో తన్నించాలి. "టక్" మని వస్తాయి. వాటితో మిగిలిన గేర్ ఆయిలు కూడా వస్తుంది, మొహం పక్కకు పెట్టుకోండి. ఆ చివరలకు ప్లాస్టిక్ సంచులు తొడిగి ఇనుప తీగతో పైకి కట్టేయండి. జాయింట్లు, చక్రాలు మళ్లీ బిగించి బండిని నేలకు దించండి. చివర్లో దాన్ని వెనక్కి తోయాలి కదా, చక్రాల మీదే ఉండాలి.

గొలుసును ఇంజనుకున్న కొక్కేలకే కట్టండి. ప్లాస్టిక్ పైపులకు, కార్బురేటరుకు బరువు తగలకూడదు. గొలుసు కాస్త బిగుసుకునేదాకా లాగి, అప్పుడు ఇంజనును బండికి పట్టి ఉంచే మౌంటింగు బోల్టులు విప్పండి.

నేను తప్పు చేసింది ఇక్కడే. మేనల్లుడు గొలుసు లాగుతున్నాడు, నేను పక్కన కూర్చుని చూస్తున్నాను. ఇంజను లేస్తోందనే అనుకున్నాం. నా కన్ను ముందు చక్రం మీద పడింది. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య సందు నాలుగు వేళ్ల నుంచి అరచేయి పొడవంత అయింది. లేస్తున్నది ఇంజను కాదు, బండి! "ఆపరా" అన్నాను. "ఇంకొక్క లాగు మావయ్యా, వచ్చేస్తుంది" అన్నాడు వాడు. వచ్చేది ఇంజను కాదు, దేన్ని పట్టుకుని ఉందో అది విరిగి వచ్చేది. కిందికి దించి టార్చి వేసి చూస్తే వెనక మౌంటింగు బోల్టు అలాగే ఉంది. నట్టు విప్పాను కానీ బోల్టు లాగడం మరిచాను. లాగేవాడు కాకుండా, ఆ సందును మాత్రమే చూసేవాడు ఇంకొకడు తప్పకుండా ఉండాలి.

రెండోసారి సులువుగా లేచింది. బెత్తెడు లాగడం, ఆగి చుట్టూ చూడడం, మళ్లీ బెత్తెడు. ఈ దఫా గేర్‌బాక్సు వెనక ఎర్తు పట్టీ ఒకటి బిగుసుకుంటూ కనబడింది, విప్పేశాను. నేరుగా లేపితే గేర్‌బాక్సు చాసిస్‌కు తగులుతుంది. గేర్‌బాక్సును కిందికి నొక్కి, రెండో వైపును మా పైడితల్లి జాతరలో పొడుగాటి సిరిమాను కొన లేచినట్టు లేపాలి. నొక్కే చేయి ఎప్పుడూ పైనే ఉండాలి. ఇంజను కిందికి చేయి గానీ కాలు గానీ పోకూడదు, బోల్టు జారిపడినా సరే.

ఇంజను బండి ముందు భాగంలోని అడ్డ పట్టీని దాటగానే బండిని వెనక్కి తోసేశాం. ఇంజను అక్కడే గాలిలో ఉంది. దాని కింద ఒక పాత టైరు పడుకోబెట్టి మెల్లగా దించాం. టైరులో కూర్చుంటే అటూ ఇటూ దొర్లదు, అడుగున ఆయిల్ ఉండే సంపు నొక్కుకుపోదు. గొలుసు వదులు చేయకుండానే గేర్‌బాక్సు బోల్టులు విప్పి దాన్ని తిన్నగా వెనక్కి లాగండి. దాని బరువు క్లచ్చి ప్లేటు మీద వేలాడకూడదు. తెరిచి ఉన్న ప్రతి రంధ్రంలోనూ శుభ్రమైన గుడ్డ కుక్కండి. ఇంజను బ్లాకు (సిలిండర్లున్న దిమ్మె) మీది ఇంజను నంబరును ఆర్సీతో సరిచూసి రాసుకోండి. బోరింగుకు పోయిన బ్లాకే తిరిగి వచ్చిందని తెలియాలి. బ్లాకు మారిస్తే రవాణా శాఖలో నమోదు చేయించాలి.

ఉదయం ఏడింటికి మొదలుపెడితే సాయంత్రం ఐదున్నర అయింది. బరువు పోయిన బండి ముక్కు పైకెత్తి గోడ పక్కన నిలబడింది. మా ఆవిడ వచ్చి కిటికీలో వరసగా ఉన్న ఆవకాయ సీసాలు చూసి, "ఇవి మాత్రం మళ్లీ వంటింట్లోకి తేకండి" అంది.