జపోరిజ్జాని బెజవాడలో కూర్చుని అర్థం చేసుకోవడం ఎలా?

2022 మార్చి 4న టీవీలో ఉక్రెయిన్‌లోని జపోరిజ్జా అణు విద్యుత్ కేంద్రంలో మంటలు అని స్క్రోలింగ్ వస్తుంటే మా అక్క పొయ్యి మీద పాలు వదిలేసి వచ్చి కూలబడిపోయింది. వాళ్ళబ్బాయి ఆ ఊళ్ళోనే మెడిసిన్ చదివేవాడు, అప్పటికింకా ఇల్లు చేరలేదు. గంటసేపు టెన్షన్ పడ్డాక ఎవరికో మ్యాప్ తీయాలని తోచింది. తీరా చూస్తే ఆ కేంద్రం ఊళ్ళో లేనే లేదు, ఎనర్హోదార్ అనే వేరే పట్టణంలో, యాభై కిలోమీటర్ల అవతల ఉంది. అందుకని ముందు ఈ ముడి విప్పుకోండి: జపోరిజ్జా అనేది ఊరి పేరూ, ప్రాంతం పేరూ కూడా. అణు కేంద్రం 2022 నుంచి రష్యా చేతిలో ఉంది, ఊరు మాత్రం ఉక్రెయిన్‌దే. వెతికేటప్పుడు రష్యన్ పద్ధతిలో జపరోజ్యే అని కూడా కొట్టండి, పాత ఫొటోలన్నీ ఆ పేరు మీదే దొరుకుతాయి.

తర్వాత యుద్ధం వార్తలు కాసేపు పక్కన పెట్టి నది దగ్గర మొదలుపెట్టండి. ద్నీప్రో నదిలో ఈ ఊరికి ఎగువన రాళ్ళ మధ్య సుడులు తిరుగుతూ పడవలు సాగనివ్వని జలపాతపు మెట్లు ఉండేవి. ఉక్రేనియన్‌లో వాటిని పొరోహీ అంటారు, వాటికి అవతలిది జపోరిజ్జా. ఆ మెట్ల దిగువ ప్రాంతమే కొసాక్కుల (స్వతంత్రంగా బతికిన గుర్రపు యోధుల) అడ్డా, అక్కడి హోర్తిత్స్యా దీవి వాళ్ళ కథల్లో గుడి లాంటిది. మన భవానీ ద్వీపం చూసిన కళ్ళతో దాన్ని ఊహించుకోకండి, అది పన్నెండు కిలోమీటర్ల పొడవు! 1770లో రష్యా సామ్రాజ్యం ఇక్కడ కోట కట్టింది, ఊరికి అలెగ్జాండ్రోవ్‌స్క్ అని పేరు పెట్టింది, 1921లో ఆ పేరు జపోరిజ్జాగా మారింది. ఈ భాగాన్ని త్వరగా దాటేయొచ్చు.

అసలు ఆగాల్సింది డ్యాం దగ్గర. ద్నీప్రోహెస్ అనే ఈ జలవిద్యుత్ డ్యాం పని 1927లో మొదలై 1932లో కరెంటు వచ్చింది, హ్యూ కూపర్ అనే అమెరికన్ ఇంజనీరు సలహాదారు. నీళ్ళు నిలవడంతో ఊరికి పేరిచ్చిన ఆ మెట్లే మునిగిపోయాయి. మన ప్రకాశం బ్యారేజీ నీళ్ళు కాలువల్లో పడి వరి పొలాలకు పోతాయి, అక్కడివి టర్బైన్లలో పడి ఫ్యాక్టరీలకు పోయాయి, రెండు ఊళ్ళ స్వభావంలో తేడా అంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. అల్యూమినియం కరగదీయడానికి కరెంటు విపరీతంగా కావాలి కాబట్టి ఆ ఫ్యాక్టరీ డ్యాం పక్కకే వచ్చింది. పడమర క్రివీ రీహ్ ఇనుప ఖనిజం, తూర్పున దొన్బాస్ బొగ్గు, మధ్యలో ఈ కరెంటు, ఇంకేం, 1933లో జపోరిజ్‌స్తాల్ అనే ఉక్కు ఫ్యాక్టరీలో మొదటి ఇనుము కరిగింది.

1941 ఆగస్టు 18న జర్మన్లు దగ్గరికొస్తుంటే వెనక్కి తగ్గుతున్న సోవియట్ దళాలే ఆ డ్యాంని పేల్చేశాయి. దిగువ వాళ్ళకి ముందుగా చెప్పలేదు, ఎంతమంది పోయారన్న దాని మీద ఇప్పటికీ వాదనలే. 1947లో మళ్ళీ కరెంటు మొదలైంది. 2024 మార్చిలో రష్యా క్షిపణులు మళ్ళీ దాన్నే కొట్టాయి.

ఇప్పుడు మ్యాప్‌లో సోబోర్నీ అవెన్యూ పట్టుకుని వేలితో వెళ్ళండి. పాత రైల్వే స్టేషన్ దగ్గర మొదలై దాదాపు పదకొండు కిలోమీటర్లు సాగి డ్యాం దగ్గర తేలుతుంది. ఒకప్పుడు లెనిన్ అవెన్యూ. చివర్లో డ్యాం వైపు చెయ్యి చూపిస్తూ నిలబడ్డ లెనిన్ విగ్రహాన్ని 2016లో దించేశారు.

కార్ల పిచ్చి ఉన్నవాళ్ళయితే ఇటు నుంచి రావచ్చు: 1960లో ఇక్కడే జపోరోజెట్స్ అనే బుల్లి కారు పుట్టింది, ఇంజన్ వెనకాల ఉంటుంది, జనం దాన్ని గూనోడు అని ఏడిపించేవాళ్ళు. మన ఆటోనగర్ మేస్త్రీలకి అప్పగిస్తే సరదాగా విప్పేసేవాళ్ళు. మన వైమానిక దళం ఏఎన్-32 విమానాల ఇంజన్లు కూడా ఈ ఊరివే, మోటార్ సిచ్ కంపెనీవి.

ఆఖరికి, అక్కడ చదివొచ్చిన పిల్లలెవరైనా తెలిస్తే (మన వైపు వెతకడం కష్టమేం కాదు) చదువెలా ఉండేది అని అడక్కండి, కిటికీ ఎటు తిరిగి ఉండేదని అడగండి. మా మేనల్లుడు ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి వీచిన రోజు కిటికీ తెరిచేవాడు కాదట, తెరిస్తే గట్టు మీద వేలితో పేరు రాసేంత నల్లదుమ్ము. అది విని ఇక్కడ ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం దగ్గర ఉండే మా పిన్ని, "మా డాబా మీద చీరలు ఆరేసుకున్నట్టే గదరా" అంది.