వెన్నుపాము దెబ్బ తర్వాత కూర్చోబెట్టేటప్పుడు బీపీ జాగ్రత్త

వెన్నుపాము మెడ దగ్గర గానీ ఛాతీ పైభాగంలో గానీ దెబ్బతింటే, కింది రక్తనాళాలకి బిగుసుకోమని మెదడు పంపే ఆర్డర్ సరిగ్గా అందదు, అందుకే లేపి కూర్చోబెట్టగానే రక్తం కాళ్ళలోకీ పొట్టలోకీ దిగిపోయి బీపీ పడిపోతుంది. మా తమ్ముడికి మొదటిసారి అలాగే అయింది, పెదాలు తెల్లబడి "అక్కా, కళ్ళకి చీకట్లు కమ్ముతున్నాయ్" అని తల వాల్చేశాడు, నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఒక్కసారిగా లేపకండి. డాక్టర్ చెప్పిన కంప్రెషన్ సాక్సులు (కాళ్ళని బిగుతుగా పట్టి ఉంచేవి), పొట్ట బెల్టు పడుకుని ఉండగానే వేసి, మంచం తలవైపు కొంచెం కొంచెంగా ఎత్తుతూ బీపీ చూస్తుండండి, పై నంబర్ ఉన్నదానికంటే 20 తగ్గినా, కళ్ళు తిరుగుతున్నాయన్నా వెంటనే పడుకోబెట్టి కాళ్ళు ఎత్తు మీద పెట్టండి.

దీనికి రివర్స్ ఇంకా డేంజర్. ఉన్నట్టుండి తల పగిలిపోయే నొప్పి, మొహం ఎర్రబడి చెమటలు పట్టాయంటే బీపీ పెరిగిపోతుందేమో అని చూడాలి, అప్పుడు మాత్రం అస్సలు పడుకోబెట్టొద్దు, నిటారుగా కూర్చోబెట్టి బెల్టు, సాక్సులు, టైట్ బట్టలు వదులు చేసి, యూరిన్ పైపు ఎక్కడన్నా మడత పడిందేమో చూడండి, చాలాసార్లు కారణం నిండిపోయిన మూత్రాశయమే. వీళ్ళకి మామూలుగానే బీపీ పై నంబర్ 90-110 మధ్య ఉండొచ్చు, అందుకని 130 చూసి నార్మలే కదా అనుకోవద్దు. తగ్గకపోతే 108కి ఫోన్ చేసేయండి.