స్టాంప్డ్ కాంక్రీట్‌పై చలికాలం దెబ్బ: లక్షణం, కారణం, మరమ్మతు

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో టొరంటో, మిసిసాగా, బ్రాంప్టన్ ప్రాంతాల్లో ఇంటి ముందు డ్రైవ్‌వేకో, పెరటి పేటియోకో రాతిపలకల అచ్చు వేసిన రంగు కాంక్రీట్ పోయించుకున్నవారికి దాని లోపాలు సాధారణంగా మంచు కరిగిన తరువాత, ఏప్రిల్‌లో బయటపడతాయి. లోపం కనబడగానే సీలర్ (కాంక్రీట్‌లోకి నీరు ఇంకకుండా కాపాడే పూత) డబ్బా తెచ్చి పైన ఇంకో పూత వేయడం చాలామంది చేసే పని. కారణం తేల్చుకోకుండా వేసే ఆ పూత చాలాసార్లు ఉన్న సమస్యను పెంచుతుంది. బ్రాడ్ బోమన్ 1950ల్లో ఈ పద్ధతికి రూపం ఇచ్చిన కాలిఫోర్నియాలో అచ్చు, రంగు కుదిరితే పని చాలావరకు కుదిరినట్టే. ఒంటారియోలో మాత్రం ఆ రెంటికంటే ముందు కాంక్రీట్ లోపలున్న గాలినీ, నీటినీ చూసుకోవాలి.

పై పొర పెచ్చులుగా ఊడిపోతోంది

రంగు పొర రెండు మూడు మిల్లీమీటర్ల మందాన పెచ్చులుగా లేచి, అడుగున బూడిదరంగు ఇసుక, కంకర బయటపడితే, ముందుగా అది ఎక్కడెక్కడ ఊడిందో గమనించండి. కారు నిలిపే చోట, చక్రాల నుంచి ఉప్పు కలిసిన మంచునీరు కారే మేరకే ఊడితే ప్రధాన దోషం ఉప్పుది. కారు ఎక్కని మూలల్లో కూడా మచ్చలు మచ్చలుగా ఊడుతుంటే దోషం పోసిన రోజునే జరిగింది. నాణెంతో గాని, చిన్న సుత్తితో గాని తట్టి చూస్తే, పైకి బాగానే కనబడుతూ లోపల విడిపోయిన భాగం డొల్లగా పలుకుతుంది. ఆ హద్దును సుద్దముక్కతో గీసి పెట్టుకుంటే మరమ్మతు ఎంతవరకు అవసరమో తెలుస్తుంది.

నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. కాంక్రీట్ రంధ్రాల్లోని నీరు అలా ఉబ్బినప్పుడు, ఆ ఒత్తిడి తీరడానికి చోటు ఇచ్చేవి మిశ్రమంలో కావాలని పుట్టించిన, కంటికి కనిపించనంత సన్నని గాలి బుడగలు. ఈ సంగతి 1930ల్లో న్యూయార్క్ రాష్ట్రపు రోడ్ల మీద దాదాపు అనుకోకుండా బయటపడింది: సిమెంట్ నూరేటప్పుడు పశువుల కొవ్వు కలిపిన చోట్ల రోడ్డు చలికి బాగా నిలిచింది. కెనడా ప్రమాణం సీఎస్ఏ ఏ23.1 ప్రకారం డ్రైవ్‌వేలకు వర్తించే సీ-2 తరగతి కాంక్రీట్‌కు 28 రోజుల బలం కనీసం 32 మెగాపాస్కల్స్ ఉండాలి, నీరు–సిమెంట్ నిష్పత్తి 0.45 దాటకూడదు, మామూలు సైజు కంకరతో గాలి 5 నుంచి 8 శాతం ఉండాలి. లారీతో పాటు వచ్చే డెలివరీ చీటీలో తరగతీ, సైటు దగ్గర అదనంగా కలిపిన నీటి లెక్కా ఉంటాయి కనుక ఆ చీటీని పారేయకుండా దాచుకోవాలి.

అచ్చు సులువుగా దిగాలని పనివారు లారీలో మరికొంత నీళ్లు పోయించుకోవడం, కాంక్రీట్ పైకి తేలిన నీరు ఆరకముందే దాని మీద రంగు పొడి చల్లి తాపీతో రుద్దడం, పొడి తడవడానికి బ్రష్‌తో నీళ్లు చిలకరించడం, ఈ మూడింటిలో ఏది జరిగినా పై పొరలో నీరు ఎక్కువై, బలం తగ్గుతుంది. కాంక్రీట్ పలచగా కావాలనుకుంటే నీటికి బదులు ప్లాస్టిసైజర్ (నీరు పెంచకుండానే మిశ్రమాన్ని జారుగా చేసే రసాయనం) వాడమని ముందే ఒప్పందంలో రాయించుకోవాలి. అక్టోబర్ చివర పోసిన కాంక్రీట్ మొదటి మంచులోపు ఆరడానికి వ్యవధి దొరకదు కాబట్టి, ఆ ఏడాది ఉప్పు తగిలితే నష్టం ఇంకా ఎక్కువ. వీటన్నిటికంటే ప్రమాదకరమైనవి అమ్మోనియం నైట్రేట్, అమ్మోనియం సల్ఫేట్ ఉన్న మంచు కరిగించే పొడులు, ఎరువులు. అవి కాంక్రీట్‌ను రసాయనికంగానే తినేస్తాయి. పచ్చికకు ఎరువు చల్లినప్పుడు డ్రైవ్‌వే మీద పడిన గింజలను వెంటనే ఊడ్చేయాలి.

నష్టం చిన్న మచ్చలకే పరిమితమైతే, వదులైన పెచ్చులు తీసి, కడిగి, బాగా ఆరనిచ్చి, లోపలికి ఇంకే సిలేన్ రకపు సీలర్ పూసి, రంగు తేడాతో సర్దుకోవడమే మేలు. నష్టం విస్తారంగా ఉంటే బలహీనమైన పొరను యంత్రంతో చెక్కించి, పాలిమర్ కలిపిన, అచ్చు వేయదగిన పలచని పొర పోయించవచ్చు. ఉత్త సిమెంట్ ముద్దతో చేసిన మాట్లు మళ్లీ చలి రాగానే ఊడిపోతాయి. కాంక్రీట్‌లో గాలే తక్కువని ల్యాబ్ పరీక్షలో తేలితే పైపొర కూడా తాత్కాలికమే అవుతుంది. అప్పుడు పగలగొట్టి కొత్తగా పోయించక తప్పదు.

తెల్లగా పాలిపోయింది

ఈ తెలుపు రెండు రకాలు. గుడ్డను జైలీన్‌లో (సీలర్‌ను కరిగించే ద్రావకం) తడిపి ఒక మూల తుడిచినప్పుడు తెలుపు మాయమై రంగు తేలితే తప్పు సీలర్‌ది. పొడిలా చేతికంటి, నీళ్లు పడితే కనబడక, ఆరాక మళ్లీ పేరుకుంటే అది లోపలి నుంచి చెమ్మతో పైకొచ్చిన లవణం.

అక్రిలిక్ సీలర్‌ను మందంగా పూసినా, కింద చెమ్మ ఉండగా పూసినా, ఆవిరి పైకి పోలేక పొర కింద చిక్కుకుని పాలలా కనిపిస్తుంది. పరిష్కారానికి మళ్లీ సీలర్ అక్కరలేదు. గాలి బాగా ఆడే చోట, నిప్పుకు దూరంగా, మాస్కూ చేతి తొడుగులూ వేసుకుని, జైలీన్‌ను రోలర్‌తో పలచగా పరిచి పాత పొరను కరగనిస్తే చిక్కిన తేమ బయటికి పోతుంది. పొరలు బాగా పేరుకుపోతే మాత్రం రసాయనంతో పూర్తిగా తీసేయాలి. నీటితో కలిసే సీలర్లకు ఈ ఉపాయం పనిచేయకపోవచ్చు కనుక డబ్బా మీద రకం చూసుకోవాలి. కొత్తగా పూసే ముందు అర మీటరు చదరపు ప్లాస్టిక్ షీటును అంచుల చుట్టూ టేపు వేసి అతికించి ఒక రాత్రంతా ఉంచండి. పొద్దున్నే షీటు అడుగున నీటి చుక్కలున్నా, కాంక్రీట్ నల్లబడినా ఇంకా ఆరలేదని అర్థం. వాతావరణం 10 డిగ్రీల పైన ఉండాలి.

లవణం విషయానికొస్తే, గట్టి బ్రష్‌తో పొడిగానే రుద్దితే చాలావరకు పోతుంది. పోనిదాన్ని రంగు కాంక్రీట్‌కు తగిన పలచని ఆమ్లపు క్లీనర్‌తో, ముందు ఒక మూల పరీక్షించి, కడగాలి.

పగుళ్లు వచ్చాయి, లేదా స్లాబ్ లేచింది

నాలుగు అంగుళాల స్లాబ్‌కు 8 నుంచి 10 అడుగులకొక జాయింట్ (పగులు అక్కడే రావాలని కోసే గాడి) కావాలి. దాని లోతు స్లాబ్ మందంలో కనీసం నాలుగో వంతు, అంటే ఒక అంగుళం. అచ్చు అందం చెడుతుందని జాయింట్ల దూరం పెంచినా, వాటిని పైపైన గీసి వదిలినా, కాంక్రీట్ తనకు నచ్చిన చోట బీటలు వారుతుంది. సన్నని, కదలని పగులును రంగు కలిపిన పూరకంతో నింపవచ్చు. అచ్చు అంచుల వెంబడి మాత్రమే కనిపించే వెంట్రుకవాసి బీటలు, పోసిన రోజు ఎండకూ గాలికీ పైభాగం త్వరగా గట్టిపడి అడుగు మెత్తగా ఉన్నప్పుడు అచ్చు నొక్కడం వల్ల వస్తాయి. అవి కంటికి ఇబ్బందే గాని స్లాబ్‌కు కాదు.

గ్యారేజీ తలుపు దగ్గర జనవరిలో అర అంగుళం లేచి, మే నెలకు తిరిగి దిగే స్లాబ్ సంగతి వేరు. టొరంటోలో ఇంటి పునాదిని మంచు చేరని లోతున, సుమారు 1.2 మీటర్ల కింద వేస్తారు. డ్రైవ్‌వే మాత్రం నేల మీద తేలుతున్నట్టే ఉంటుంది, కింద నీరు చేరి గడ్డకడితే లేస్తుంది. అందుకే గోడకూ స్లాబ్‌కూ మధ్య సందు వదిలి మెత్తని పలక పెట్టాలి. లేచిన స్లాబ్‌ను చెక్కించే ముందు, పైకప్పు నీటి గొట్టం ఎక్కడ వదులుతోందో, వాటం ఇంటివైపుందో వీధివైపుందో చూడండి. అడుగుకు పావు అంగుళం చొప్పున ఇంటి నుంచి బయటికి వాటం ఉండాలి. నీటి దారి మళ్లించకుండా చేసే ఏ మరమ్మతూ నిలవదు. శాశ్వతంగా కుంగిన భాగాన్ని మాత్రం కింద ఫోమ్ ఎక్కించి లేపవచ్చు.

గుండ్రని చిన్న గుంటలు

ఒక్కో గుంట అడుగున పగిలిన గులకరాయి కనిపిస్తే, అది నీరు పీల్చే మెత్తని రాయి ఉబ్బి పైభాగాన్ని తన్నేయడం. స్లాబ్ బలానికి ముప్పు లేదు. ఎక్కువ కనిపించే చోట పూడ్పించుకుంటే సరిపోతుంది.

నల్లని, ముదురు మచ్చలు

చలిలో త్వరగా గట్టిపడాలని కాల్షియం క్లోరైడ్ కలిపితే రంగు చారలు కడుతుంది. రంగు కాంక్రీట్‌కు క్లోరైడ్ లేని రకమే అడగాలి. తేమ ఆరిపోకుండా కప్పిన ప్లాస్టిక్ షీటు ముడతలు పడి తాకిన చోట్ల కూడా అదే రకం మచ్చలు మిగులుతాయి. ఊరి నుంచి వచ్చిన పెద్దవారు ఇక్కడ కూడా మట్టి కట్టలు కట్టి వారం పది రోజులు నీళ్లు నిలబెట్టమంటారు. మన ఎండల్లో అది సరైన సలహాయే, కానీ ఇక్కడి శరదృతువులో రంగు కాంక్రీట్‌ను అలా నానబెడితే మచ్చలు పడటమే కాక, నీటితో నిండిన స్లాబ్ మొదటి గడ్డకట్టే రాత్రికి దొరికిపోతుంది. తేమను లోపలే పట్టి ఉంచే, స్ప్రే చేసే క్యూరింగ్ పూత వాడి, ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు పడిపోయే సూచన ఉంటే ఇన్సులేటెడ్ దుప్పట్లు కప్పాలి. కనీసం 3.5 మెగాపాస్కల్స్ బలం వచ్చేదాకా కాంక్రీట్ చలికి గడ్డకట్టకూడదు.

జారుతోంది

మెరిసే సీలర్ మీద పలచని మంచు పడితే కాలు నిలవదు. తరువాతి పూతలో సన్నని పాలిమర్ గరుకు పొడి కలిపించండి; ఈలోగా ఉప్పుకు బదులు ఇసుక చల్లండి. మొదటి శీతాకాలం పూర్తిగా ఇసుకతోనే గడపాలి. మంచు తీయడానికి ప్లాస్టిక్ అంచు పార వాడాలి, ఎందుకంటే ఇనుప పార అచ్చు ఎత్తుల మీది రంగును గీసేస్తుంది. బండితో మంచు తోసే ప్లౌ కాంట్రాక్టర్‌ను పెట్టుకుంటే రబ్బరు అంచు బ్లేడు ఉందో లేదో నవంబర్‌లోనే అడిగి తెలుసుకోండి.