అరోరా ఫిల్మ్‌కి ఎక్కలేదా? నెగటివ్‌ను అడగండి

అరోరా అంటే ధ్రువాల దగ్గర రాత్రి ఆకాశంలో ముడతల తెరలా కదిలే రంగుల వెలుగు. దాన్ని ఫిల్మ్ కెమెరాతో తీస్తే, తప్పు తెలిసేది రోల్ కడిగించాకే. ప్రింట్లు పక్కన పెట్టి, ముందు నెగటివ్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి.

నెగటివ్ దాదాపు ఖాళీ
వెలుతురు చాలలేదు. ఎక్స్‌పోజర్ (షట్టర్ తెరిచి ఉంచే సమయం) కొన్ని సెకన్లు దాటితే ఫిల్మ్ మొద్దుబారుతుంది, దీన్నే రెసిప్రాసిటీ ఫెయిల్యూర్ అంటారు. లెక్కలో 15 సెకన్లు వస్తే 25 ఇవ్వాల్సి రావచ్చు. లైట్ మీటర్‌ను మర్చిపోండి. ఐఎస్‌ఓ 800 (వెలుతురును పట్టే స్పీడ్) కలర్ నెగటివ్ ఫిల్మ్ వేసి, ఎఫ్ 2 అపర్చర్ (లెన్స్ రంధ్రం, ఎఫ్ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) దగ్గర ఒకే దృశ్యాన్ని 8, 15, 30 సెకన్లకు తీయండి. కలర్ నెగటివ్ ఎక్కువ వెలుతురును ఓర్చుకుంటుంది, తక్కువైతే మాత్రం క్షమించదు. ఫ్యుజీ ప్రొవియా 100ఎఫ్ స్లైడ్ ఫిల్మ్‌కి 128 సెకన్ల వరకు దిద్దుబాటు అక్కర్లేదు. కానీ 100 స్పీడ్‌తో పరుగులు తీసే అరోరాను పట్టడం కష్టం.

తెర ముడతలు పోయి పచ్చటి మరక మిగిలింది
ఇది పై తప్పుకు అవతలి కొస. అరోరా చకచకా కదులుతుంటే 30 సెకన్లలో ముడతలన్నీ కలిసిపోతాయి. టైమ్ తగ్గించి అపర్చర్ పెంచాలి. నన్నడిగితే డబ్బు కెమెరా మీద కాదు, ఎఫ్ 1.4 లెన్స్ మీద పెట్టండి.

ఫ్రేము మధ్యలో ఒకదాన్లో ఒకటి ఇమిడిన గుండ్రటి చారలు
లెన్స్ పాడైందని టెన్షన్ పడకండి. అరోరా పచ్చదనం ఎక్కువగా 557.7 నానోమీటర్ల దగ్గర, ఒకే తరంగదైర్ఘ్యంలో వస్తుంది. యూవీ ఫిల్టర్ గాజుకున్న రెండు సమతల ముఖాల మధ్య ఆ కాంతి అటూ ఇటూ తగిలి ఇలా వలయాలు గీస్తుంది. ఫిల్టర్ విప్పేస్తే చాలు.

మెరుపు కొమ్మల్లాంటి గీతలు
చలికి, పొడి గాలికి ఫిల్మ్ జరిగేటప్పుడు స్టాటిక్ కరెంటు పుట్టి చిటుక్కుమంటుంది. ఆ మెరుపే ఫిల్మ్ మీద పడుతుంది. లీవర్‌ను మెల్లగా తిప్పండి, రీవైండ్ ఇంకా మెల్లగా. గడ్డకట్టే చలిలో ఫిల్మ్ పెళుసెక్కుతుంది కాబట్టి, గట్టిగా లాగితే అంచు రంధ్రాలు చిరుగుతాయి.

నక్షత్రాలు చుక్కల్లా లేవు
అన్నీ ఒకే వైపు సాగితే కారణం భూభ్రమణం. 500ను లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి, వచ్చిన సెకన్లు దాటొద్దు. 24 ఎంఎం లెన్స్‌కి సుమారు 20 సెకన్లు. వంకరటింకరగా ఉంటే ట్రైపాడ్ కదిలింది, కెమెరాను తాకకుండా షట్టర్ నొక్కే కేబుల్ రిలీజ్ వాడండి. ఉబ్బిన బంతుల్లా ఉంటే ఫోకస్ తప్పింది. పగలే దూరపు కొండ మీద ఫోకస్ చేసి రింగ్‌కు టేప్ అంటించండి.

చివరి ఫ్రేములన్నీ మసక
లెన్స్ మీద మీ ఊపిరే మంచైంది. టార్చి వేసి మధ్యమధ్యలో చూసుకోండి. లోపలికి వెళ్లే ముందే కెమెరాను కవర్లో పెట్టి మూతి బిగించండి, లేదంటే గది వేడికి తేమ పడుతుంది.

బి మోడ్‌లో కెమెరా చచ్చిపోయింది
బి మోడ్‌లో బటన్ నొక్కి ఉంచినంతసేపూ షట్టర్ తెరిచే ఉంటుంది. ఎలక్ట్రానిక్ షట్టరైతే అంతసేపూ బ్యాటరీ తింటుంది, చలికి అది ముందే నీరసపడి ఉంటుంది. నికాన్ ఎఫ్ఎం2, పెంటాక్స్ కె1000 లాంటి మెకానికల్ షట్టర్లకు ఈ బెడద లేదు.

నెగటివ్‌ను ఫ్రేము మధ్యలో కోసేశారు
దృశ్యమంతా చీకటైతే నెగటివ్ మీద ఫ్రేముల హద్దు ల్యాబ్‌కు కనపడదు. మొదటి ఫ్రేము పగటి వెలుతురులో తీయండి. రోల్ ఇచ్చేటప్పుడు ‘కోయొద్దు, ఆకాశం పచ్చగానే ఉండాలి’ అని కవరు మీద రాయండి. లేదంటే స్కానర్ ఆ పచ్చదనాన్ని తప్పనుకుని దిద్దేస్తుంది.