మార్చిలో ఉన్న ఫామ్ ఏప్రిల్‌కి ఏమైంది? క్లాసిక్స్ రైడర్ సమస్య - పరిష్కారం

వసంతకాలపు పెద్ద ఒకరోజు సైకిల్ పోటీలను క్లాసిక్స్ అంటారు. ఫిబ్రవరి చివర బెల్జియంలోని ఓమ్లూప్‌లో ముందు గుంపుతో ముగించి, మార్చిలో ఇటలీలోని తిరెనో-అద్రియాతికోలో మంచి వాట్లు (పెడల్ మీద పెట్టే శక్తి) చూపించిన రైడర్, ఏప్రిల్ మొదట్లో బెల్జియంలో జరిగే టూర్ ఆఫ్ ఫ్లాండర్స్‌లో రెండు వందల కిలోమీటర్లు దాటగానే వెనకబడిపోతాడు. పాటర్‌బెర్గ్ కొండదారి పొడవు 360 మీటర్లే అయినా ఆఖరిసారి దానిని ఎక్కేటప్పుడు అతని కాళ్ళలో ఏమీ మిగలదు. ఆ సాయంత్రమే టీమ్ బస్సులో తీర్పు వెలువడుతుంది: ఫామ్ ముందుగానే వచ్చేసింది, శీతాకాలపు ప్రణాళికే తప్పు. ఈ తీర్పు అప్పుడప్పుడు నిజం కావచ్చు గాని, చాలాసార్లు అది పరీక్ష చేయకుండా ఇచ్చిన తీర్పు. శిక్షణ భారం, విశ్రాంతి, పోటీకి ముందు తగ్గింపు వంటి ప్రాథమిక విషయాలు తెలిసినవారి కోసమే ఈ వ్యాసం కనుక, వాటిని ఇక్కడ మళ్ళీ వివరించను.

మొదట చూడవలసినవి

రైడర్ శక్తిని వాట్లలో కొలిచే పవర్ మీటర్‌ను సున్నాకు సరిచేశారా? స్పెయిన్ శిబిరంలో ఇరవై డిగ్రీల ఎండలో పనిచేసిన మీటర్, బెల్జియంలో ఐదు డిగ్రీల ఉదయాన అదే అంకె చూపిస్తుందని నమ్మడం తగదు. లోపలి స్ట్రెయిన్ గేజ్ (లోహం వంపును కొలిచే భాగం) ఉష్ణోగ్రతకు స్పందిస్తుంది, కొన్ని మీటర్లు తమంతట తాము సర్దుకుంటాయి, కొన్ని సర్దుకోవు. రాళ్ళ దారుల కోసం రైడర్ వేరే సైకిల్‌కు మారినప్పుడు మీటర్ కూడా మారుతుందనే సంగతిని ఎవరూ గుర్తుంచుకోరు. ఎడమ క్రాంక్ (పెడల్ బిగించే చేయి) మీద మాత్రమే కొలిచి రెట్టింపు చేసే రకం అయితే, అలసటలో కాళ్ళ మధ్య తేడా పెరిగినప్పుడు అంకె ఇంకా దారి తప్పుతుంది. పది వాట్లు పోయాయని గగ్గోలు పెట్టేముందు, సైకిల్‌ను బయటి చలిలో కాసేపు నిలబెట్టి, సున్నా సరిచేసి, మళ్ళీ తొక్కించి చూడాలి. దీనికి ఐదు నిమిషాలు చాలు, అయినా దీన్ని దాటవేసి నేరుగా శిక్షణ ప్రణాళికను తిరగరాసేవారే ఎక్కువ.

రెండవది, పోటీకీ పోటీకీ మధ్య రోజుల్లో రైడర్ ఏమి తిన్నాడో రాసిపెట్టారా? పోటీ రోజున ఎన్ని జెల్‌లు, ఎన్ని సీసాలు అన్నది ప్రతి టీమూ లెక్కపెడుతుంది. సోమవారం, గురువారం ఏమి తిన్నాడని అడిగితే మాత్రం చెప్పగలిగేవారు ఉండరు. జవాబు చాలాసార్లు అక్కడే ఉంటుంది.

పట్టుకోవడం కష్టమైన కారణం: మధ్య రోజుల తిండి లోటు

2025లో పోటీలు ఎలా పడ్డాయో చూడండి. మార్చి 28 శుక్రవారం ఈ3, 30 ఆదివారం గెంట్-వెవెల్గెమ్, ఏప్రిల్ 2 బుధవారం ద్వార్స్ డోర్ ఫ్లాండెరెన్, 6 ఆదివారం టూర్ ఆఫ్ ఫ్లాండర్స్. పది రోజుల్లో నాలుగు పోటీలు, చివరిది దాదాపు 270 కిలోమీటర్లు, ఆ మరుసటి ఆదివారం ఫ్రాన్స్‌లో పారిస్-రూబే. వీటి మధ్య రోజులన్నీ రికవరీ రైడ్‌లే: ఒక గంటో గంటన్నరో తేలికగా తొక్కి, మసాజ్ చేయించుకుని, పడుకోవడం. ఈ రోజు పని తక్కువ కాబట్టి తిండీ తక్కువే చాలునని రైడర్ అనుకుంటాడు, టీమ్ కూడా కాదనదు.

లెక్క వేస్తే ఇందులోని పొరపాటు తెలుస్తుంది. ఆరు గంటల పోటీలో సగటున 250 వాట్లు తొక్కినవాడు సుమారు 5,400 కిలోజౌళ్ళ పని చేస్తాడు. మనిషి కండరం సామర్థ్యం ఇరవై నుంచి ఇరవై అయిదు శాతమే కనుక, అందుకు శరీరం ఖర్చు పెట్టేది ఉజ్జాయింపుగా అన్ని కిలోకేలరీలే. గంటకు వంద గ్రాముల కార్బోహైడ్రేట్లు క్రమం తప్పకుండా తీసుకున్నా లోపలికి వెళ్ళేది 2,400. మిగిలినది కొవ్వు నుంచి, కాలేయంలోనూ కండరాల్లోనూ నిలవ ఉన్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నుంచి వస్తుంది. అడుగంటిన ఆ నిలవ తిరిగి నిండడానికి, సరిగా తింటేనే, ఒకటి రెండు రోజులు పడుతుంది. రోజుకు కిలో శరీర బరువుకు ఎనిమిది నుంచి పది గ్రాముల చొప్పున, 78 కిలోల రైడర్‌కు దాదాపు ఏడు వందల గ్రాముల కార్బోహైడ్రేట్లు కావాలి. అన్నం రూపంలోనే తినాలంటే అది తొమ్మిది వందల గ్రాముల బియ్యం. అందుకే పండ్లరసం, తేనె, జామ్, తెల్ల రొట్టె వంటివి లేకుండా ఇది జరిగే పని కాదు. విశ్రాంతి రోజు మధ్యాహ్నం ఆకుకూరల సలాడ్, కోడి రొమ్ము ముక్క తిన్న రైడర్ ఇందులో సగం కూడా చేరుకోడు.

ఇంతవరకు చాలామందికి తెలిసినదే. ఈ లోటును ఇంత మోసకారిగా చేసేది అది చూపించే ఆనవాళ్ళు. అవన్నీ మంచి వార్తల్లా కనిపిస్తాయి. ఒక్కొక్క గ్రాము గ్లైకోజెన్ తనతో సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది కనుక, నిలవ ఖాళీ అయినప్పుడు ఒకటిన్నర కిలోల వరకు బరువు రెండు మూడు రోజుల్లోనే తగ్గుతుంది. రైడర్ అద్దంలో చూసుకుని సన్నబడ్డానని సంతోషిస్తాడు. అవే వాట్ల దగ్గర గుండె వేగం మునుపటి కంటే తక్కువగా నమోదవుతుంది; కోచ్ దాన్ని దమ్ము పెరిగినట్టు చదువుకుంటాడు. వేలి నుంచి రక్తం తీసి లాక్టేట్ (కండరం గ్లైకోజెన్‌ను వాడినప్పుడు తయారయ్యే పదార్థం) పరీక్ష చేస్తే అదీ తక్కువే వస్తుంది, ఎందుకంటే లాక్టేట్‌గా మారవలసిన ముడిసరుకే కండరంలో తగ్గిపోయింది. పది సెకన్ల స్ప్రింట్ పెద్దగా చెడదు కాబట్టి, మంగళవారం నాటి చిన్న పరీక్షలో అంకె బాగానే ఉంటుంది. ఈ నాలుగు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూసి, రైడర్ జీవితంలోనే ఉత్తమ ఫామ్‌లో ఉన్నాడని రాసి ఇచ్చిన నివేదికలకు కొదవ లేదు.

నిజం చెప్పే ఆనవాళ్ళు వేరే ఉన్నాయి. గట్టిగా తొక్కేటప్పుడు గుండె వేగం తక్కువగా ఉన్నా, ఎంత కష్టంగా ఉందని అడిగితే రైడర్ చెప్పే అంకె మాత్రం పెరుగుతుంది. ఈ రెండూ విడిపోయి ఎదురెదురు దిక్కులకు పోవడమే అన్నిటికంటే నమ్మదగిన సూచన. తెల్లవారుజామున మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టకపోవడం, చిన్న మాటకే విసుక్కోవడం, చలి ఎక్కువగా అనిపించడం దానికి తోడవుతాయి. పోటీ ఫైలులో మొదటి నాలుగు గంటలు మామూలుగానే ఉండి, అయిదు నిమిషాల ప్రయత్నాలు అయిదో గంటలో ఒక్కసారిగా పడిపోతాయి. ఆకలి వేయడం లేదని రైడర్ చెప్పినంత మాత్రాన లోటు లేనట్టు కాదు, ఎందుకంటే కఠినమైన పోటీ తర్వాత ఆకలి అణగిపోవడం మామూలే.

ఈ దశలో ఫామ్ తగ్గిందని ఇంటర్వల్స్ (విరామాలతో చేసే తీవ్ర ప్రయత్నాలు) పెంచడం, నూనె అయిపోయిన దీపానికి వత్తి పైకి ఎగదోయడం లాంటిది. చేయవలసినది నలభై ఎనిమిది గంటల పరీక్ష. పోటీ ముగిసిన మొదటి నాలుగు గంటలూ గంటకు కిలో బరువుకు ఒక గ్రాము చొప్పున కార్బోహైడ్రేట్లు, ఆ తర్వాత పైన చెప్పిన రోజువారీ లెక్క. తొక్కుడు రోజుకు గంట మించకూడదు. త్రాసును రైడర్ కంటికి కనబడకుండా దాచాలి, ఎందుకంటే ఈ రెండు రోజుల్లో బరువు కిలో పైన తిరిగి వస్తుంది, దాన్ని చూసి అతను భోజనం మానేస్తే పరీక్ష వృథా. మూడో రోజు రెండు ఎనిమిది నిమిషాల ప్రయత్నాలు చేయించి, గుండె వేగం తన పాత స్థాయికి ఎక్కి, కష్టం తగ్గిందని రైడర్ చెబితే, కారణం తిండే. గుండె వేగం ఇంకా అణగే ఉండి, కాళ్ళు ఇంకా బరువుగానే ఉంటే, అది లోతైన అలసట. అప్పుడు ఒక పోటీని వదులుకోవాలి, ఆ పోటీ సాధారణంగా బుధవారానిదే కావాలి.

బరువు గురించి ఒక మాట. రూబేలో ఎక్కవలసిన కొండ లేదు. యాభై కిలోమీటర్లకు పైగా రాళ్ళ దారులున్నాయి. ఆ పోటీకి ముందు వారం బరువు తగ్గించుకునే రైడర్ ఎవరి కోసం తగ్గించుకుంటున్నాడో నాకు ఇంతవరకు అర్థం కాలేదు.

చార్ట్ పడిపోతోంది, ఏమి చేయాలి?

ఏమీ చేయకూడదు. నలభై రెండు రోజుల శిక్షణ భారం సగటు మీద నడిచే ఫిట్‌నెస్ గీత, పోటీల మధ్య విశ్రాంతి తీసుకునే వారాల్లో కొంత తగ్గక తప్పదు. దాన్ని నిలబెట్టాలని గురువారం అయిదు గంటలు తొక్కించేవారు ఆదివారాన్ని అమ్ముకుంటున్నారు.

ఎక్కువ పోటీలా, తక్కువ పోటీలా?

రెండు దారులూ గెలిపించాయి. 2012లో టామ్ బోనెన్ ఈ3, గెంట్-వెవెల్గెమ్, ఫ్లాండర్స్, రూబే నాలుగూ వరుసగా గెలిచాడు. మథ్యూ వాన్ డెర్ పూల్ 2024 రోడ్డు సీజన్‌ను మార్చిలో మిలాన్-సాన్ రెమోతోనే ప్రారంభించి, ఈ3, ఫ్లాండర్స్, రూబే గెలిచాడు. అయితే అతని వెనుక సైక్లోక్రాస్ (బురద, గడ్డి దారుల సైకిల్ పోటీలు) తొక్కిన ఒక శీతాకాలం ఉందన్నది మరువకుండా అనుకరించాలి. అదే ఏడాది వౌట్ వాన్ ఆర్ట్ సాన్ రెమో మానుకుని టెనెరిఫె ఎత్తైన ప్రదేశంలో శిక్షణ పొంది వచ్చాడు, ద్వార్స్‌లో పడి ఎముకలు విరిగి ఫ్లాండర్స్, రూబే రెండూ కోల్పోయాడు. ప్రణాళికలోని తప్పును, ప్రమాదాన్ని కలిపి చూడకూడదు.

రూబే తర్వాత ఆర్డెన్స్‌లో కాళ్ళు రాకపోవడం

ఇది రోగం కాదు, దురాశ. రాళ్ళ మీద ఆరు గంటలు చేతులు, నడుము అదిరిన శరీరం, వారం తిరిగేసరికి ఆర్డెన్స్ కొండల పోటీల వరుసలో మొదట వచ్చే ఆమ్‌స్టెల్ గోల్డ్ మలుపులకు సిద్ధంగా ఉండదు. 2025లో తదెయ్ పొగాచర్ ఫ్లాండర్స్ గెలిచి, రూబేలో, ఆమ్‌స్టెల్‌లో రెండో స్థానాలు పొంది, ఫ్లెష్ వలోన్, లియెజ్-బాస్తోన్-లియెజ్ గెలిచాడంటే, అది నియమానికి మినహాయింపు. మిగతావారు జనవరిలోనే ఒకవైపు ఎంచుకోవాలి. 2011లో ఫిలిప్ జిల్బేర్ ఆమ్‌స్టెల్, ఫ్లెష్, లియెజ్ మూడూ గెలిచినప్పుడు అంతకుముందు ఆదివారం అతను రూబే తొక్కలేదన్నది గమనించదగినది.

అరుదైనవి

ఇనుము లోపం, వైరల్ జ్వరం తర్వాతి నీరసం, థైరాయిడ్, పుప్పొడి వల్ల వచ్చే ఉబ్బసం: వీటికి డాక్టరు రక్త పరీక్ష, శ్వాస పరీక్ష రాస్తే తేలిపోతుంది. గట్టిగా తొక్కినప్పుడు మాత్రమే ఒకే కాలు మొద్దుబారి, ఆగగానే సర్దుకుంటే, తొడకు రక్తం తీసుకెళ్ళే ధమని ఇరుకైందేమో వాస్కులర్ (రక్తనాళాల) నిపుణుడికి చూపించాలి. ఎత్తు శిబిరం నుంచి దిగిన తర్వాత కొన్ని రోజులు కాళ్ళు బరువుగా ఉండడం కొందరిలో సహజమే, వేచి చూస్తే చాలు. టైరు గాలి ఒత్తిడి, గేర్ల పళ్ళ లెక్క ఫామ్ సమస్యలు కావు. అవి మెకానిక్‌తో మాట్లాడవలసినవి.